మామూలు నీళ్ళు

మీరు ఏం ఉద్యోగం చేసేవారని ఎవరైనా అడిగితే, బురద వడకట్టేవాణ్ణని చెబుతాను. వాళ్ళు నవ్వుతారు. నేను నవ్వను, ఎందుకంటే అది అక్షరాలా నిజం. నెల్లూరులో, తాగునీటి బోర్లు వేయించే ఒక ఆఫీసు వెనక రెండు గదుల లాబొరేటరీ ఉండేది. అరవైల మొదట్లో నేను అందులో అసిస్టెంటుగా చేరాను. ఇప్పుడు ఇలాంటి లాబొరేటరీల్లో చేరుతున్న పిల్లలకి అంకెలు చూపించే యంత్రాలున్నాయి. మాకు కళ్ళే యంత్రాలు. అయినా వాళ్ళు చేయబోయే తప్పు నేను చేసినదే అయి ఉంటుందని నా అనుమానం. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు బురద సంగతి చెప్పాలి. పెద్ద రిగ్గుతో బోరు వేసేటప్పుడు గొట్టం లోపలినుంచి చిక్కటి బురద పంపుతారు. అది అడుగుకు వెళ్ళి, తవ్విన ఇసకని మోసుకుని పైకి వస్తుంది. గుంట గోడలు కూలకుండా పట్టుకుంటుంది కూడా. ఇంత మంచి బురదకి ఒక చెడ్డ గుణం ఉంది. దానిలోని నీళ్ళు చుట్టూ ఉన్న ఇసకలోకి ఇంకిపోతూ ఉంటాయి. బురద మంచిదైతే, పచ్చి గోడని పేడతో అలికినట్టు, గుంట గోడ మీద పలచటి పొర కట్టి ఆ ఇంకుడు ఆపేస్తుంది. బావి పూర్తయ్యాక ఆ పొర కడిగేస్తే ఇసకలోని నీళ్ళు లోపలికి వస్తాయి. చెడ్డ బురద అలా ఆగదు. తన నీళ్ళతో పాటు సన్నటి మట్టిని కూడా ఇసక సందుల్లోకి తోసి అక్కడే కూర్చోబెడుతుంది. అప్పుడు అవతల ఎన్ని నీళ్ళున్నా బావిలోకి చుక్క రాదు. బావి తవ్వినవాళ్ళే దాన్ని పూడ్చినట్టు అవుతుంది.

ఏ మట్టి మంచిదో ఏది కాదో చెప్పడం నా పని. బెంటొనైట్ అనే మట్టి పొడి బస్తాల్లో వచ్చేది. ప్రతి లోడు నుంచి ఒక చిన్న సంచిలో నమూనా పంపేవారు. ఆ పొడిని నీళ్ళలో కలిపి, నానబెట్టి, అడుగున వడపోత కాగితం వేసిన ఇత్తడి డబ్బాలో పోసి, పైనుంచి గ్యాసుతో ఒత్తేవాణ్ణి. అరగంటలో కింద ఎన్ని నీళ్ళు కారాయో గీతలున్న గాజు గొట్టంలో చూడాలి. తక్కువ కారితే పాస్. తర్వాత డబ్బా విప్పి కాగితం మీద కట్టిన పొర మందం చూడాలి. పలచగా, నున్నగా ఉంటే మళ్ళీ పాస్. ఆ అరగంట కదలకుండా కూర్చోవడం నాకు చాలా ఇష్టంగా ఉండేది. విడవలూరు దగ్గర మా నాయన మడికి నీళ్ళు కట్టి గట్టున కూర్చునే తీరు నాకూ వచ్చిందని మా అమ్మ అనేది.

నేను శుభ్రం మనిషిని. పరీక్షలకి మా అటెండరు పొద్దున్నే కావడితో తెచ్చే పెన్న నీళ్ళే వాడేవాణ్ణి. ఆఫీసు బావి నీళ్ళు కాస్త ఉప్పగా ఉండి ఇత్తడి డబ్బాలకి మచ్చలు పడేవి. రిజిస్టరులో 'కలిపిన నీళ్ళు' అని ఒక కాలమ్ ఉండేది. మా సీనియర్ కెమిస్టు అందులో ఎప్పుడూ 'మామూలు' అని రాసేవాడు. ఆయన రాశాడు కాబట్టి నేనూ రాశాను. రెండేళ్ళలో నా చేతి మీదుగా వెళ్ళిన ఒక్క నమూనా కూడా ఫెయిల్ కాలేదు. అది మట్టి గొప్పతనం అనుకోలేదు నేను, నా పనితనం అనుకున్నాను. ఎందుకనుకున్నానో ఇప్పటికీ తెలియదు.

జువ్వలదిన్నెకి ఉత్తరంగా, ఉప్పుటేరు దాటాక, చేపలు పట్టేవాళ్ళ పాళెం ఒకటి ఉండేది. నలభై గడప. చుట్టూ నీళ్ళే, తాగడానికి పనికొచ్చేవి మాత్రం లేవు. ఆడవాళ్ళు ఇసక దిబ్బల్లో చెలమలు తవ్వుకుని, ఊరినంతవరకు కొబ్బరి చిప్పతో తోడుకునేవారు. ఎండలు ముదిరితే ఆ చెలమలూ ఉప్పెక్కేవి. అక్కడికి నాలుగు మైళ్ళ ఇవతల, అల్లూరు వైపు వేసిన ఒక బోరులో లోతుగా ఉన్న ఇసక పొరలో తియ్యటి నీళ్ళు పడ్డాయి. ఆ పొర పాళెం కిందికి కూడా వెళ్ళి ఉంటుందని లెక్కవేసి, మా ఇంజనీరు గారు, నేను చేరిన రెండేళ్ళకి, వేసవిలో రిగ్గుని అక్కడికి పంపారు.

రిగ్గు మీద డ్రిల్లరు గూడూరు వైపు మనిషి. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్ముడా అనేవాడు. చదువు పెద్దగా లేదు గాని, పైకొచ్చే ఇసకని రెండు వేళ్ళ మధ్య నలిపి కింద ఏముందో చెప్పేవాడు. మూడొందల అడుగుల దగ్గర బియ్యపు నూకల్లాంటి ఇసక తగిలిందని, పొర కూడా మందంగా ఉందని కబురు చేశాడు. సన్నటి చీలికలున్న గొట్టం అక్కడికి దించారు. మూడు రోజులు కడిగారు. దారం లావు ధార వచ్చింది, అదీ ఉప్పు.

ఇంజనీరు గారు వెళ్ళి చూసి వచ్చారు. ఆ పొర అక్కడ పనికిరాదని, అది ఉప్పు ఇసకని తేల్చారు. గొట్టాలు పీకి, రిగ్గుని సోమవారం లారీ మీద ఇంకో చోటికి తరలించమన్నారు. అంతటితో ఆగలేదు. డ్రిల్లరు గుంటని ఎక్కువ రోజులు బురదతో నిలవ ఉంచాడని, అజాగ్రత్తగా పని చేశాడని మెమో ఇచ్చారు. ఆయనది పర్మనెంటు ఉద్యోగం కాదు. అలాంటివాళ్ళకి ఇంకో మెమో వస్తే ఇంటికి పోవడమే. ఇక పాళెం సంగతి చెప్పనక్కర్లేదు. ఒకసారి ఉప్పు అని రాసి రిగ్గు లేచిపోయిన చోటికి మళ్ళీ రిగ్గు రావడం నా సర్వీసు మొత్తంలో నేను చూడలేదు.

బుధవారం పొద్దున డ్రిల్లరు మా లాబొరేటరీకి వచ్చాడు. చేతిలో మూత పెట్టిన పాల క్యాను ఉంది. నా బల్ల మీద పెట్టి, "నువ్వు పాస్ చేసిన మట్టే గదా తమ్ముడా. గుంటలోంచి తెచ్చినా. ఒకసారి చూడు" అన్నాడు.

మూత తీశాను. నేను కలిపే బురద మజ్జిగలా నున్నగా ఉండేది. ఇది విరిగిన పాలలా ఉంది, పైన నీళ్ళు, కింద పలుకులు. అయినా డబ్బాలో పోసి గ్యాసు తిప్పాను. బొట్లు కాదు, ధార కట్టింది. అరగంట అక్కర్లేకపోయింది, పది నిమిషాలకే గాజు గొట్టం నిండి పొంగింది. డబ్బా విప్పితే కాగితం మీద పొర ఊతప్పమంత మందం ఉంది. నేను ఆయన మీద విసుక్కున్నాను. ఏం కలిపారు ఇందులో, ఏ నీళ్ళు పోశారు అని గట్టిగానే అడిగాను.

"ఉప్పుటేటివే. తియ్యటి నీళ్ళు యాడుండాయి ఆడ? ఉంటే మమ్మల్నెందుకు పంపిస్తారు?" అన్నాడు.

ఆయన దెప్పి పొడవలేదు. నేను అడిగినదానికి జవాబు చెప్పాడు, అంతే. ఆ లోడు నమూనా సంచిలో మిగిలిన పొడి తీసి, ఈసారి ఉప్పు కలిపిన నీళ్ళతో కలిపాను. అవే పలుకులు, అదే ధార, అదే ఊతప్పం. పెన్న నీళ్ళలో బంగారం లాంటి మట్టి ఉప్పు నీళ్ళలో ఎందుకూ పనికిరాలేదు. సముద్రం ఒడ్డున వేసే బోరుకి నేను పెన్న నీళ్ళతో పరీక్ష చేసి పాస్ రాశాను. ఆ దారం లావు ధారలో వచ్చిన ఉప్పు కూడా ఇసకది కాదు, మా బురద తాగించిన ఏటి నీళ్ళదే. నీళ్ళు దొరకని చోటికి తియ్యటి నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయన్న చిన్న ప్రశ్న రెండేళ్ళలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

ఆ రోజు నేను ఇంజనీరు గారి గదికి పరిగెత్తానని రాస్తే బాగుంటుంది. వెళ్ళలేదు. గురువారం కూడా వెళ్ళలేదు. మా సీనియర్‌కి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, మద్రాసు ట్రాన్స్‌ఫరు కోసం ఎదురుచూస్తున్న మనిషి. రిజిస్టరులో ప్రతి పేజీలో నా సంతకం పక్కన తన సంతకం కూడా ఉందని నెమ్మదిగా గుర్తుచేశాడు. ఆ కాలమ్ మనం పెట్టింది కాదని, బోరు ఎలాగూ పోయింది కాబట్టి ఇక మీద జాగ్రత్తగా ఉంటే చాలని అన్నాడు. ఆ మాట నాకు హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుంటే మా ఆవిడ గ్లాసుతో నీళ్ళు పెట్టింది. ఆ గ్లాసు చూశాక కంచం ముందునుంచి లేచిపోయాను. శుక్రవారం పొద్దున ఇంజనీరు గారు రాకముందే ఆయన గది ముందు నిలబడ్డాను.

ఆయన అంతా విన్నారు. కోపం వచ్చింది, దాచుకోలేదు. రెండేళ్ళుగా మా అన్ని బోర్లకీ ఇలాగే పాస్ రాశావా అన్నారు. రాశానన్నాను. తర్వాత "అయితే అక్కడ తియ్యటి నీళ్ళున్నాయంటావా?" అన్నారు.

"ఉండాలి సార్. ఇసక నోరు మూసింది మన బురద. అది తీస్తే వస్తాయి."

ఎలా తీస్తావు అన్నారు. తెలియదన్నాను. సోమవారం లారీ ఆగదని, అప్పటిదాకా బావిని నాకు ఇస్తున్నానని, నీళ్ళు రాకపోతే డ్రిల్లరు మెమో అలాగే ఉంటుందని, దాని పక్కన నాది కూడా ఉంటుందని చెప్పారు. న్యాయంగానే ఉందనిపించింది.

డ్రిల్లరు తెచ్చిన ఇసక నమూనా సంచి మా దగ్గరే ఉంది. ఒక లాంతరు చిమ్నీ తీసుకుని, అడుగున గుడ్డ కట్టి, అందులో ఆ ఇసక కూరాను. పైన గ్లాసుడు నీళ్ళు పోస్తే ఇరవై లెక్కపెట్టేలోపే కిందికి దిగిపోయాయి. తర్వాత క్యానులోని బురద పోసి గంటసేపు వదిలాను. బురద వంచేసి మళ్ళీ నీళ్ళు పోశాను. బొట్టు, బొట్టు, బొట్టు. పాళెం బావి ఇప్పుడు నా బల్ల మీద ఉంది. దాన్ని ఎలా బాగుచేయాలన్నదే ప్రశ్న. మంచి నీళ్ళతో కడిగితే మట్టి ఉబ్బి, ఉన్న బొట్టు కూడా ఆగిపోయింది. ఉప్పు నీళ్ళతో కడిగితే ఏమీ కాలేదు. సోడా వేశాను, సబ్బు వేశాను. మా అటెండరు నిమ్మకాయ పిండి చూడమన్నాడు, అదీ చూశాను. ఆఖరికి గాజు సామాను కడగడానికి వాడే ఫాస్ఫేట్ పొడి గుర్తొచ్చింది. దాన్ని పెన్న నీళ్ళలో కలిపి పోసి, రాత్రంతా నాననిచ్చి, శనివారం పొద్దున చిమ్నీని బకెట్లో పైకీ కిందికీ మెల్లగా ఆడించాను. గోధుమ రంగు మబ్బు ఒకటి గుడ్డలోంచి దిగి బకెట్టంతా పాకింది. తర్వాత నీళ్ళు పోస్తే ఇరవై అయిదు లెక్కపెట్టేసరికి దిగిపోయాయి. మా అటెండరూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

చిమ్నీలో వచ్చిందని మూడొందల అడుగుల కింద వస్తుందా అన్నారు ఇంజనీరు గారు. అయినా జీపు ఇచ్చారు.

మా దగ్గరున్న ఫాస్ఫేట్ ఒక డబ్బా. బావికి రెండు బస్తాలు కావాలి. రైసు మిల్లుల్లో బాయిలర్లకి పొలుసు కట్టకుండా ఇదే పొడి వేస్తారు. మా నాయన ధాన్యం తోలే మిల్లుకి ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్ళాను. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న కొడుకు మిల్లు గుమ్మంలో నిలబడి బస్తాలు అడుగుతుంటే మా నాయనకి ఏం అర్థమైందో తెలియదు గాని, మిల్లు యజమానితో మాత్రం మా వాడు ఒక పని చెడగొట్టుకున్నాడు, బాగుచేసుకోవాలంట అని చెప్పాడు. నేను ఆయనకి అంత స్పష్టంగా చెప్పిన గుర్తు లేదు.

ఈ పొడి ఉప్పు నీళ్ళలో కలిపితే పనిచేయదు, తియ్యటి నీళ్ళే కావాలి. ఈసారి నీళ్ళ సంగతి మర్చిపోలేదు నేను. ఆదివారం తెల్లవారుతూనే జువ్వలదిన్నెలో ఎడ్లబండి మాట్లాడి, ఆరు డ్రమ్ముల మంచినీళ్ళు ఎక్కించాను. బస్తాలతో నేను జీపులో ముందు వెళ్ళాను, అవి దించి జీపు వెనక్కి పోయింది. బండి ఉప్పుటేటి రేవులో దిగబడింది. ఎడ్లు లాగాయి, మనుషులు తోశారు, చక్రం ఇంకా లోపలికి పోయింది. చివరికి డ్రమ్ములు దొర్లించి నీళ్ళు పారబోస్తే గాని బండి లేవలేదు. బండివాడు ఖాళీ డ్రమ్ములతో పాళేనికి వచ్చి నా ముందు నిలబడేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. మళ్ళీ వెళ్ళి తేవాలంటే ఇంకో రోజు కావాలి. ఆ ఒక్క రోజే నా దగ్గర లేదు.

డ్రిల్లరు దిబ్బల వైపు చూశాడు. నేనూ అటే చూశాను. అక్కడ ఒక ముసలామె చెలమలోకి వంగి, కొబ్బరి చిప్ప అంచుతో పక్కలు గీకుతోంది. పాళెంలో అందరూ ఆమెని అవ్వా అనేవారు. ఏ చెలమ ఎవరిది, ఎవరి తర్వాత ఎవరు తోడుకోవాలి అనే తగువులు ఆమే తీర్చేది. దగ్గరికి వెళ్ళి, ఎందుకవ్వా గీకుతున్నావని అడిగాను.

"పక్కలు జిడ్డు కట్టుకుంటాయి నాయనా. దినామూ గీక్కోవాల. లేకపోతే లోపల నీళ్ళుండినా ఊట రాదు" అంది.

నేను బీఎస్సీ చదివి, రెండేళ్ళు పరీక్షలు చేసి, మొన్న బుధవారం నేర్చుకున్న సంగతి అది. ఇసకలో కూర్చున్నాను. కూర్చుంటే గాని చెప్పగలననిపించలేదు. మీ చెలమకి పట్టిన జిడ్డే ఆ బోరుకి కూడా పట్టిందని, పట్టించింది డ్రిల్లరు కాదని, నేనేనని చెప్పాను. మట్టిని మా ఊరి నీళ్ళతో కలిపి బాగుందని రాశానని, మీ ఏటి నీళ్ళతో కలిపి చూడలేదని చెప్పాను. ఇప్పుడు ఆ జిడ్డు వదలాలంటే తియ్యటి నీళ్ళు పోయాలని, తెచ్చినవి రేవులో పోయాయని, పాళెంలో ఉన్న నీళ్ళు కావాలని అడిగాను. ఎండాకాలంలో ఒక్కో ఇంటికి రోజుకి రెండు బిందెలు ఊరితే గొప్ప. ఆ రెండు బిందెలే నేను అడుగుతున్నాను.

ఈలోపు చుట్టూ ఆడవాళ్ళు పోగయ్యారు. ఒకామె నవ్వింది. ఉన్న నీళ్ళు గుంటలో పోసుకుని పిల్లలకి ఏం పోయాలని ఇంకొకామె అడిగింది.

"పోసినాక రాకపోతే?" అంది అవ్వ.

"రాకపోతే ఆ తప్పూ నాదే అవ్వా. మాట ఇయ్యలేను. వస్తాయని మాత్రం నమ్ముతుండా."

అవ్వ చిప్పలో ఇసక దులిపింది. "మా పాళేనికి ఆఫీసరోళ్ళు శానామంది వచ్చినారు, పోయినారు. తప్పు నాదని చెప్పినోణ్ణి నిన్నే చూస్తాండా" అంది. ఇంటికి వెళ్ళి, మూత పెట్టిన బిందె తెచ్చి, నా ఖాళీ డ్రమ్ములో పోసింది. రెండో బిందెకి మళ్ళీ వెళ్ళింది. ఆమె తిరిగి వచ్చేసరికి డ్రమ్ము దగ్గర వరస ఉంది. అన్ని ఇళ్ళూ పోయలేదు, అలా రాస్తే అబద్ధం. పసిపిల్లలున్న ఇళ్ళని అవ్వే వెనక్కి పంపింది. అయిదు డ్రమ్ములు నిండాయి. చుక్క ఒలకకుండా పొడి కలిపాను. పెన్న నీళ్ళు ఎంత పారబోసినా ఎన్నడూ లెక్క చూడనివాణ్ణి.

సాయంత్రానికి అదంతా గొట్టం గుండా కిందికి పంపి, రాత్రంతా నాననిచ్చాం. సోమవారం తెల్లవారగానే డ్రిల్లరు తోలు వాషర్లు బిగించిన దిమ్మెని గొట్టంలోకి దించి, పైకీ కిందికీ ఆడించడం మొదలుపెట్టాడు. మూడొందల అడుగుల కింద ఇసకని లోపలికీ బయటికీ ఊపడమన్నమాట. గట్టిగా లాగితే గొట్టం చుట్టూ ఇసక కూలుతుంది, మెల్లగా లాగితే మట్టి కదలదు. నేను మధ్యలో తొందరపెట్టబోతే, నీ చిమ్నీ కాదిది అని ఒక్క మాటన్నాడు. తొమ్మిది గంటలకి కంప్రెసరుతో గొట్టంలోకి గాలి వదిలి నీళ్ళు పైకి తోశారు. మొదట వచ్చింది కాఫీ రంగు బురద. నాకు అంత అందమైన బురద మళ్ళీ కనబడలేదు. తర్వాత ధార లావెక్కింది. ఒక వేలంత, మూడు వేళ్ళంత, చివరికి గొట్టం సగం నిండా. రంగు తేరింది. నోట్లో పోసుకుంటే ఉప్పు.

పది గంటలకి లారీ వచ్చింది. వెనకే ఇంజనీరు గారి జీపు. లారీవాళ్ళు బయట పేర్చిన గొట్టాలు ఎక్కించడం మొదలుపెట్టారు. ఇంజనీరు గారు దోసిలి పట్టి రుచి చూసి ఉమ్మేశారు. మా బురద తాగించిన ఉప్పు ముందు బయటికి పోవాలని, ఆ తర్వాతే అసలు నీళ్ళు వస్తాయని చెప్పాను. ఎంతసేపు అన్నారు. తెలియదన్నాను. ఆ వారంలో నేను ఎక్కువగా వాడిన మాట అదే. ఆయన గడియారం చూసుకుని రిగ్గు నీడలో కూర్చున్నారు. కంప్రెసరు ఆపమని అనలేదు. నేను గీతలున్న నా గాజు గొట్టాన్ని జేబులోంచి తీసి ధార కింద పట్టడం, నాలిక మీద పోసుకోవడం, మళ్ళీ పట్టడం. మధ్యాహ్నానికి నాలిక మొద్దుబారింది. ఉప్పో తీపో నాకే తెలియడం మానేసింది. డ్రిల్లరు వచ్చి దోసిలి పట్టి తాగాడు. మింగాడు. ఇంకో దోసిలి పట్టాడు. ఇంజనీరు గారు లేచి వచ్చి తాగారు. లారీవాళ్ళని ఆగమన్నారు.

అవ్వ మాత్రం తాగి, బిందె పట్టకుండా వెనక్కి జరిగింది. "ఇవి నిన్న మేం పోసినవే ఏమో. ఇంకా రానీ" అంది.

ఒక పరీక్ష ఎలా చేయాలో నాకు అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. మేం పోసింది అయిదు డ్రమ్ములు. అప్పటికి ఎన్నో రెట్లు కారి దిబ్బ పక్కన మడుగు కట్టింది. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు. బిందె బోర్లించి దాని మీద చెయ్యి వేసి ఆమె కూర్చుంది, పక్కన మిగతా ఆడవాళ్ళు కూర్చున్నారు. కంప్రెసరు నడుస్తూనే ఉంది. పొద్దు వాలేదాకా ధార తగ్గలేదు, రుచి మారలేదు. అప్పుడు అవ్వ లేచి, మరొక్కసారి తాగి చూసి, బిందెని తిప్పి ధార కింద పెట్టింది. ఎవరూ కేకలు వేయలేదు, చప్పట్లు కొట్టలేదు. బిందెలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. నేను కంప్రెసరు చాటుకి వెళ్ళి ఏడ్చాను. ఆ చప్పుడులో ఎవరికీ వినబడలేదు.

ఇంజనీరు గారు డ్రిల్లరుని పిలిచి మెమో కాగితం వెనక్కి తీసుకున్నారు. వారం తర్వాత నాకు ఒకటి ఇచ్చారు, పరీక్షల్లో అజాగ్రత్త అని. కింద సంజాయిషీ రాసే చోట 'నిజమే' అని రాసి సంతకం పెట్టాను. అది నా సర్వీసు బుక్కులో చివరిదాకా ఉంది. మా సీనియర్ నాతో నెల రోజులు మాట్లాడలేదు. తర్వాత ట్రాన్స్‌ఫరు వచ్చి, వెళ్ళేటప్పుడు తన పెన్ను నాకిచ్చి వెళ్ళాడు.

ఆ సోమవారం మేం జీపెక్కేటప్పుడు అవ్వ వచ్చి, గుడ్డ బిరడా పెట్టిన గాజు సీసా ఒకటి నా చేతిలో పెట్టింది. దారిలో పనికొస్తుందంది. కొత్త బావి నీళ్ళు, మొదటి బిందెలోవే అయి ఉంటాయని నా గుండె నిండిపోయింది. రేవు దాటాక, పొద్దున్నుంచి ఎండిన గొంతు కదా, బిరడా తీసి గటగటా ఎత్తాను. రెండు గుక్కలు మింగి మూడోది జీపు బయటికి ఊశాను. ఉప్పు కషాయం. పక్కన డ్రిల్లరు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఏటి నీళ్ళు తమ్ముడా. నీకు ముందే చెప్పొద్దనింది అవ్వ. ఈసారి దీంతో కలిపి చూడమనింది" అన్నాడు.

మర్నాడు కొత్త లోడు నమూనా వచ్చింది. మా అటెండరు పెన్న నీళ్ళ కుండ నా పక్కకి జరిపాడు. నేను అవ్వ సీసాలో మిగిలింది తీసి పొడి కలిపాను. పది నిమిషాలకి గాజు గొట్టం నిండింది. రిజిస్టరు తెరిచి, 'కలిపిన నీళ్ళు' కాలమ్‌లో ఉప్పుటేరు అని రాశాను. చివరి కాలమ్‌లో ఫెయిల్ అని రాశాను. ఆ రిజిస్టరులో నేను రాసిన మొదటి ఫెయిల్ అది.